అమ్మ నవలలో బాపు

అమ్మ పోయిన మరుసటి ఏడు ఎండాకాలం సెలవుల్లో ఆమె నవలను పుస్తకంగా వేద్దామని అనుకున్నాను. అమ్మ బోధన్‌లో మిషన్ బడి టీచరు. నేను బాపు అని పిలిచే నాన్న అదే ఊళ్లో చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు రసం కాచే పాన్‌ల దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. నేను నిజామాబాద్‌లో ఒక హైస్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. అమ్మ కథలు అప్పుడప్పుడు పత్రికల్లో వచ్చేవి. నవల మాత్రం ఒక్కటే మొదలుపెట్టింది. ఎనభైల చివర మొదలుపెట్టి, బడి నుంచి వచ్చాక రోజుకు ఒకటో రెండో పేజీలు రాస్తూ, పూర్తి చేయకుండానే కామెర్లతో వెళ్లిపోయింది.

రాతప్రతి అంటే వేరే ఏమీ కాదు, బడిలో పారేయబోయే పాత పరీక్ష కాగితాలు. ఒకవైపు నాలుగో తరగతి పిల్లల లెక్కలు, రెండోవైపు అమ్మ గుండ్రటి అక్షరాలు. చెరుకు ఆడే రోజుల్లో ఫ్యాక్టరీ పొగగొట్టం నుంచి మసి రాలి మా వాకిట్లో ఆరేసిన బట్టల మీద, మంచాల మీద పడేది. అమ్మ ఆ వాకిట్లోనే కూర్చుని రాసేది కాబట్టి కాగితాల మీదా పడింది. చాలా చోట్ల అది ఫుల్‌స్టాపో, మసి చుక్కో తేల్చుకోలేకపోయాను.

ఫ్యాక్టరీ సంగతులు వచ్చిన చోట కొన్ని మాటలు నాకు అర్థం కాలేదు. బాపును అడుగుదామని ఒక ఆదివారం బస్సెక్కి బోధన్ పోయాను. బాపు చదువంతా ఉర్దూలో సాగింది. తెలుగు బైబిల్‌ను వేలు పెట్టుకుని మెల్లగా చదివేవాడు, అంతకుమించి కాదు. అమ్మ రాసిన కథ ఒక్కటీ ఆయన చదవలేదు. అందుకని నేనే పైకి చదివి వినిపిస్తానన్నాను. చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, ఆయన మంచం మీద ఒరిగాడు. నేను కింద చాప మీద కూర్చుని మొదటి ప్రకరణం మొదలుపెట్టాను.

రెండు పేజీలు కాలేదు, బాపు లేచి కూర్చున్నాడు.

"ఆగాగు. గా మొగోడెవరు?"

"నవలల మనిషి, బాపూ."

"నవలల మనిషే, కాదంటలేను. మరి ఆయనకు ఎడమ చెవి కింద కాలిన మచ్చ ఎందుకున్నది?"

బాపు చెయ్యి తన చెవి కిందికి పోయింది. ఎప్పుడో వయసులో ఉన్నప్పుడు మరుగుతున్న పాకం చింది అక్కడ కాలింది. నేను నవ్వు ఆపుకున్నాను.

నవలలో భర్త చక్కెర ఫ్యాక్టరీలో సీజన్ పనివాడు. చెరుకు ఆడినన్ని నెలలే పని, తర్వాత ఇంట్లో కూర్చోవడం. భార్య చిన్న బడిలో టీచరు. సీజన్‌లో అతనంత మంచివాడు లేడు. సీజన్ అయిపోయిందంటే కూరలో ఉప్పు దగ్గర నుంచి వాకిలి ఊడ్చిన తీరు దాకా అన్నిటికీ వంకలే. బాపు కూడా పర్మనెంట్ కాకముందు కొన్నేళ్లు సీజన్ పనే చేశాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు కాబట్టి ఆ పేజీలు గబగబా చదివేశాను.

కానీ భర్త చర్చిలో నిద్రపోయే చోటికి వచ్చేసరికి బాపు ఊరుకోలేకపోయాడు.

"గిది మాత్రం అన్యాలం. నేను నిద్రపోయింది ఒక్కటే సారి. నైట్ షిఫ్ట్ చేసి సీదా చర్చికి పోయిన. టీచర్‌కు గది కూడ యాదికున్నదా?"

అమ్మను ఆయన ఎప్పుడూ టీచర్ అనే పిలిచేవాడు.

"తీసెయ్యమంటవా?" అన్నాను.

"వద్దులే. ఉండనియ్యి. గురక కొట్టిండు అన్నకాడ మాత్రం జర తగ్గియ్యి."

"రాసినామెను అడగకుండ ఎట్ల తగ్గిస్త?"

"గదీ నిజమే," అని మళ్లీ ఒరిగాడు.

అలా ఆదివారాలు మా పని నడిచింది. ఫ్యాక్టరీ మాటలన్నీ ఆయన విడమరిచి చెప్పాడు. నేను అంచులో రాసుకున్నాను. ఒక్కోసారి కాగితం తిప్పి అవతలివైపు లెక్కలు చూసేవాడు. బడి లెక్కల్లోవి ఇంగ్లిషు అంకెలే కాబట్టి వాటికి తెలుగుతో పని లేదుగా. "వీడు చూడు బిడ్డా, ఇరవైల పదహారు తీసేస్తె పద్నాలుగు అంటున్నడు. టీచర్ చెవి మెలేసి ఉంటది," అని పడిపడి నవ్వేవాడు. అమ్మ పోయాక ఆయన అంతగా నవ్వడం నేను అప్పుడే విన్నాను.

చదివినంత మేర నిజామాబాద్‌లో కంపోజింగుకు ఇస్తూ వచ్చాను. అమ్మ కథనమంతా పుస్తకాల తెలుగులో రాసినా, మనుషుల మాటలు మాత్రం మేం మాట్లాడుకునేటట్టే రాసింది. మొదటి ప్రూఫులు తెచ్చి చదువుతుంటే బాపు మొహం ముడుచుకున్నాడు.

"గీ మొగోడు గిట్లెందుకు మాట్లాడుతుండు? నిన్నమొన్నటి దాక మంచిగనే ఉండె గద."

చూస్తే, కంపోజింగ్ చేసినాయన మాటలన్నీ దిద్దేశాడు. 'వచ్చిండు' అన్నచోట 'వచ్చాడు', 'ఏమాయె' అన్నచోట 'ఏమైంది'. వెళ్లి అడిగితే, "తప్పులు పోతాయని దిద్దినా మేడమ్. పుస్తకం గద, నలుగురు చదువుతరు," అన్నాడు. ఆయన మాట్లాడేదీ మా మాటే. ఆ ముక్కే చెబితే ఇద్దరం నవ్వుకున్నాం. అన్నీ మళ్లీ మొదటికి మార్చడానికి వానాకాలమంతా పట్టింది.

చివరి కాగితాల దగ్గరికి వచ్చాం. నవలలో భార్యకు హైదరాబాద్‌లో టీచర్ ట్రైనింగుకు సీటు వస్తుంది. ఏడాది చదువు. భర్త పోవద్దంటాడు. ఆమె వాదించదు, మాట్లాడటం మానేస్తుంది. ఒక పొద్దున పెట్టె సర్దుకుని బస్‌స్టాండుకు పోయి బస్సులో కూర్చుంటుంది. కాసేపటికి భర్త, కూతుర్ని భుజాన వేసుకుని, కిటికీ కింద వచ్చి నిలబడతాడు. ఆమె అతని వైపు చూడదు. కండక్టర్ విజిల్ వేస్తాడు. అక్కడితో నవల ఆగిపోయింది. తర్వాత కాగితాలన్నీ రెండోవైపు తెల్లగానే ఉన్నాయి.

నేను కాగితాలు దించి బాపు వైపు చూశాను. ఆయన గోడ వైపు చూస్తున్నాడు.

"తర్వాత ఏమైంది, బాపూ?"

"ఏమైతది. బస్సు కదిలింది. నిన్ను సంకల ఏసుకోని ఎనక తలుపుకెళ్లి ఎక్కిన. నీకు మూడేండ్లు. మీ అమ్మ ముందల కూసున్నది, మమ్ముల చూడలే. నిజామాబాద్ దాక నేను పిలువలే, ఆమె తిరుగలే. టేషన్‌ల రైలెక్కేటప్పుడు నువ్వు ఏడిస్తివి. గప్పుడు చూసింది."

"చూసి ఏమన్నది?"

"'పిల్లకు పాలు తాపిచ్చినవా' అన్నది. లేదన్న. కిందికి దిగింది, నీకు పాలు కొనిచ్చింది, మళ్ల ఎక్కింది. గంతే. గా ఏడాది నిన్ను నేనే చూసుకున్న. అన్నం మాడకుండ వండుడు గప్పుడే నేర్సిన."

బాపు అంత బాగా వండుతాడెందుకో నాకు అప్పటిదాకా తెలియదు. ఎప్పుడూ అడగాలని తోచలేదు.

"గిదంత రాసి పూర్తి చెయ్యి," అన్నాడు. "కథ బస్సులనే ఆపితే చదివినోళ్లు నన్ను ఏమనుకుంటరు?"

నిజామాబాద్ వచ్చి వారం రోజులు కూర్చుని రాశాను. అమ్మ వాక్యం ఎలా నడుస్తుందో నాకు బాగా తెలుసనే ధైర్యంతో రాశాను. రైలు కదిలే ముందు భర్త తప్పు ఒప్పుకుంటాడు, భార్య కళ్లు తుడుచుకుంటుంది, కిటికీలోంచి చెయ్యి చాపుతుంది. నాకు బాగానే అనిపించింది. మరుసటి ఆదివారం తీసుకుపోయి చదివాను. బాపు మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అప్పుడే అనుమానం రావాల్సింది.

"మంచిగనే రాసినవ్ బిడ్డా," అన్నాడు చివరికి. "కని గీ మొగోడు మరీ మంచోడైపోయిండు. టీచరైతే వాణ్ణి గింత జల్ది ఇడిసిపెట్టేది కాదు."

"నువ్వే గద రాయమంటివి!"

"అన్న. ఇప్పుడు వద్దంటున్న. ఆమె ఆడికి రాసింది. ఆడనే ఉండనియ్యి."

నాకు కాస్త చిన్నతనంగానే అనిపించింది. తిరిగి వస్తూ బస్సులో ఆ పేజీలు మళ్లీ చదువుకున్నాను. ఆయన చెప్పింది నిజం. అందులో అమ్మ లేదు. వాళ్లిద్దరూ కలిసిపోవాలని ఆశపడే కూతురు ఉంది, అంతే. ఆ పేజీలు పక్కన పెట్టేశాను. నవల విజిల్ దగ్గరే ఆగింది. రచయిత్రి ఇంతవరకే రాసిందని కింద ఒక ముక్క వేశాను.

అమ్మ పేరు పెట్టకుండా వదిలేసిన నవలకు పేరు పెట్టింది బాపే. నేను తెచ్చిన పేర్లన్నీ విని, "గీ కొట్లాటలన్ని అయింది ఎప్పుడు? పని లేనప్పుడే గద. 'ఆఫ్ సీజన్' అని పెట్టు," అన్నాడు.

పుస్తకం విడుదల చర్చి హాల్లో, ఆదివారం ఆరాధన తర్వాత పెట్టుకున్నాం. అమ్మతో పనిచేసిన టీచర్లు, బాపుతో పాన్‌ల దగ్గర పనిచేసినవాళ్లు వచ్చారు. అమ్మ దగ్గర చదువుకున్న ఒకావిడ ముప్కాల్ నుంచి వచ్చింది. పాస్టరుగారు బాపును నాలుగు మాటలు చెప్పమన్నారు. బాపు ఇస్త్రీ చొక్కా సర్దుకుని లేచాడు.

"నాకు ఉపన్యాసం రాదు. గీ పుస్తకంల ఉన్న మొగోడు నేను కాదు," అన్నాడు. హాలంతా గొల్లుమంది. నవ్వు ఆగేదాకా నిలబడి, "కని టీచర్ వాణ్ణి మంచిగ ఎరుకున్నట్టే రాసింది," అని కూర్చున్నాడు. తర్వాత కండువాతో మొహం తుడుచుకుంటూ చాలాసేపు తల ఎత్తలేదు. పక్కన కూర్చున్న నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

బాపు ఆ తర్వాత కొన్నేళ్లు బతికాడు. ఇంటికి ఎవరొచ్చినా ఒక పుస్తకం చేతిలో పెట్టేవాడు. మొదటి పేజీలో ఉర్దూలో అమ్మ పేరు, కింద తన పేరు రాసిచ్చేవాడు. మళ్లీ కనిపించినప్పుడు, "ఎందాక చదివినవ్?" అని అడిగేవాడు. సగం దాకా అంటే, "చదువు, చదువు" అనేవాడు. బస్సు దాకా వచ్చామని చెబితే మాత్రం కుర్చీ దగ్గరికి జరుపుకుని, పాల సంగతి మొదలుపెట్టేవాడు.