రోజుకొక్క కంబం

నా చిన్నప్పుడు చిన్నమనూరు పక్కన మాకొక ద్రాక్షతోట ఉండేది. ఉండేది అంటే, నేను పుట్టేసరికే పోవడం మొదలుపెట్టి, మూడో క్లాసుకొచ్చేసరికి ఆ పని పూర్తి చేసింది. బోరులో నీళ్లు లేవు, ఆకుల మీద తెగులు, ఇంట్లో రోజూ ఒక పంచాయితీ. అందరూ మా తాత ముఖం చూసి నిట్టూర్చేవాళ్లు. ఆయన మాత్రం ఆకూవక్కా నములుతూ కూర్చునేవాడు.

పొద్దున్నే తోటకి పోయి, తీగలన్నీ ఒకసారి చూసుకున్నాక, ఆకుకి పూయగా మిగిలిన సున్నం వేలికి తీసుకొని, పందిరి మోసే రాతికంబం మీద రెండు వరుసలు రాసేవాడు. రోజుకొక్క కంబం. ఇంట్లో మాట తెలుగు, బళ్లో నేర్చింది తమిళం. అందుకని తెలుగు మాటలు తమిళ అక్షరాల్లో రాసేవాడు. తమిళనాట పుట్టిన మావాళ్లందరం అంతే. తెలుగు పండితులు వస్తే చదవలేరు, తమిళ పండితులు వస్తే అర్థం చేసుకోలేరు. మా తాతకి పోటీ అనేదే లేదు.

రాసింది కూడా గొప్ప సంగతులేమీ కావు. ఉడత నాకంటే ముందే లేచింది. వాన వస్తానని చెప్పి పక్కవూరికి పోయింది. ఈ తీగకి మా అత్తగారి మొండితనం. కంబాలన్నీ అయిపోతే మళ్లీ మొదటి దగ్గరికొచ్చి, తడిగుడ్డతో పాతది తుడిచి కొత్తది రాసేవాడు. ద్రాక్షకీ అంతేనట. కాపు అయినాక కొమ్మలు కోసేస్తేగాని చిగురు రాదు, పండు పట్టేది ఆ చిగురుకే. తుడిచినప్పుడల్లా నాకే ప్రాణం ఉసూరుమనేది.

చివరికి మా చిన్నాయన తేల్చేశాడు. తోట పీకేయాలి, కంబాలు పళనిలో ఎవరికో కంచెకి పోతాయి, ఎల్లుండే యంత్రం వస్తుంది. మా అవ్వ ఏడ్చింది. ఏడుస్తూనే, యంత్రం వాళ్లకి సాపాటు కూడా మనమే పెట్టాలా అని అడిగింది.

మర్నాడు పొద్దున తాత ఇంక తోటకి పోడనుకున్నాను. పోయాడు. వెనకే నేనూ పోయాను. ఎండిన తీగల్ని కూడా వదలకుండా అన్నీ చూశాడు. జారిన కొమ్మ ఒకటి ఎత్తి కట్టాడు. తర్వాత సున్నం తీశాడు. నాకు ఒళ్లు మండింది.

"రేపు పీకేస్తారంట కదా తాతా? ఇంకెందుకు రాసేది?"

"పీకేది రేపు కదమ్మా. ఇవాళ నాకు వేరే పనేముంది?"

"ఎవరూ చదవరు."

"నిన్న మాత్రం జనం వరస కట్టినారా?"

నేను ఏడుపు మొహం పెట్టేసరికి, సున్నం నా వేలికి పూసి, నువ్వొకటి రాయమన్నాడు. నాకు రాదన్నాను. నాకూ రాదు, రాయి అన్నాడు. "తోటా, పోవద్దు" అని రాశాను. ఆయన కాస్త వెనక్కి జరిగి చూశాడు.

"బాగాలేదు. సినిమాలో ఏడ్చినట్టుంది. కనబడేది రాయి."

తుడిచి, చాలాసేపు చూసి, "ఈ తీగకి ఇంకా ఒక ఆకు ఉంది" అని రాశాను. సరి, పరవాలేదన్నాడు. చిన్నాయన అది చదివితే మనసు మార్చుకుంటాడని నాకు లోలోపల గట్టి ఆశ.

మర్నాడు చిన్నాయన ఆ కంబం ముందు ఆగాడు. చదివాడు. ఎవరు రాసిందని అడిగాడు. నేనేనన్నాను. "దస్తూరీ బాగుంది" అని మెచ్చుకొని, యంత్రానికి చెయ్యి ఊపాడు. ఆ కంబంతోనే మొదలుపెట్టారు.

ఆ మరుసటి పొద్దున తాత పెరట్లో బట్టలుతికే రాయి మీద రాస్తూ కనిపించాడు. మధ్యాహ్నానికి అవ్వ దాని మీద దుప్పట్లు ఉతికేసింది.

ఇప్పుడు పోదనూరులో మేడ మీద నాకు కొన్ని పూలతొట్లు ఉన్నాయి. వంగ కాయదు, మిరప ముడుచుకుంటుంది. నీళ్లు పోసి, కనబడిందేదో రోజూ రెండు వరుసలు రాస్తాను. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక నేర్చుకున్నాను. తప్పులు ఇప్పుడు సొంత లిపిలోనే చేస్తున్నాను. మా ఇంటి పిల్లలకి తెలుగు మాటే నోటికి రావడం లేదు, ఇక చదివేదెవరు? రాత బాగుపడుతుందన్న నమ్మకమూ లేదు. ఆశ లేకపోతే మానేయొచ్చని మా తాత నాకు నేర్పలేదు. నేర్పి ఉంటే పొద్దున ఇంకో అరగంట పడుకునేదాన్ని.