పేరు చెప్పని పసరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక కాయ పేరు పైకి అనకూడదు. మెదక్‌లో చర్చి వెనక గల్లీలో ఉండేవాళ్లం. కామెర్లు వచ్చినవాళ్ల ముక్కులో మా తాతయ్య ఆ కాయ పసరు పిండేవాడు. పేరు బయటపడితే మందు గుణం పోతుందని ఆయన తండ్రి చెప్పాడట. నేనెంత గారాలు పోయినా చెప్పేవాడు కాదు. పసరు పడ్డాక ముక్కులోంచి పచ్చని నీళ్లు కారేవి. కామెర్లు దిగిపోతున్నాయని అందరూ సంబరపడేవాళ్లు. నేను గొప్పగా నిలబడి చూసేదాన్ని.

పక్కింటి అక్క మిషను కుట్టేది. మిగిలిన ముక్కలతో నా బొమ్మకు గౌన్లు కుట్టిపెట్టేది. ఆమె అంటే నాకు ప్రాణం. ఒక ఎండాకాలం ఆమె కళ్లు పచ్చబడితే వాళ్లమ్మ నేరుగా తాతయ్య దగ్గరికే తీసుకొచ్చింది. ఆ రోజు ఎప్పటిలాగే నీళ్లు కారాయి. మర్నాడు పొద్దున కారింది నెత్తురు. ఎన్ని గుడ్డలు అడ్డం పెట్టినా ఆగలేదు. రిక్షాలో దవాఖానకు తీసుకెళ్లారు. తాతయ్య వెనకే నేనూ పరుగెత్తాను.

డాక్టరు గుమ్మంలోకి వచ్చాడు. "ఏం పసరు పోసిండ్రు? జర చెప్పుండ్రి, తెలువకుంటే నేనేం చెయ్యాలె?"

తాతయ్య నోరు తెరిచాడు. అంతలో అక్క వాళ్లమ్మ ఆయన కాళ్ల మీద పడింది. "చెప్పకు మామా! పేరు చెప్తే గుణం పోతది. నా బిడ్డ నాకు దక్కది."

తాతయ్య గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. డాక్టరు బతిమాలాడు, తిట్టాడు. తాతయ్య ఇటు తిరగలేదు. నేను కూడా చెప్పొద్దు తాతయ్యా అని మనసులో మొక్కుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

మధ్యాహ్నం దాటాక లోపలినుంచి అక్క వాళ్లమ్మ ఏడుపు వినపడింది. అప్పుడు, ఎవరూ అడగకుండానే, "చేదుబీర" అన్నాడు తాతయ్య. ముందే చెప్తే బతికేదా అని డాక్టరును అడిగాడు. ఏమో, చెప్పలేనన్నాడాయన. ఆ "ఏమో" తాతయ్యను చివరిదాకా నిద్రపోనివ్వలేదు. తర్వాత పసరు కోసం వచ్చినవాళ్లకు కంచె మీది తీగ చూపించేవాడు. "గిది చేదుబీర. గిదే పోసి ఒక పిల్లను పోగొట్టిన. దవాఖానకు పోండ్రి" అనేవాడు. కొందరు ఆయనకు మతి చెడిందన్నారు.

మొన్న మా అమ్మాయి, ముట్లు ఆగిపోయే వయసులో వచ్చే ఒంటి ఆవిర్లకని ఏదో సీసా తెప్పించుకుంది. రెడ్ క్లోవర్ అట, పశువులు తినే ఒక ఎర్రపూల గడ్డి. కాలిలో నెత్తురు గడ్డకట్టి, రక్తం పలచబడే గోలీలు వాడుతున్న మనిషి. డాక్టరుకు చెప్పమంటే నవ్వింది. "చెట్టుమందే గదమ్మా, గది గూడ చెప్పాల్నా?" అంది.

దవాఖానకు నేనూ వెంట వెళ్లాను. ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని డాక్టరమ్మ అడిగితే లేదని తల ఊపింది. నేను సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టి పేరు చెప్పాను. ఆ గోలీతో ఇది కలిస్తే నెత్తురు కారడం మొదలై ఆగకపోవచ్చని, వెంటనే మానేయమని చెప్పిందామె.

బయటికొచ్చాక అమ్మాయి విసుక్కుంది. "గంత గట్టిగ మొత్తుకున్నవేందమ్మా? బయట కూసున్నోళ్లంత చూసిండ్రు."

నేను మామూలుగానే చెప్పాననుకున్నాను. ఆ రోజు దవాఖాన గుమ్మంలో మా తాతయ్య చెప్పాల్సినంత గట్టిగా చెప్పినట్టున్నాను.