మడమ నరం

మా వాడు కొత్త చెప్పులు కొన్న నెలకే మడమ దగ్గర ఒరుసుకుంటున్నాయని మూల పడేసేవాడు. ఇరవై ఏళ్లు నిండిన కొడుకు. సూరత్ పక్కన జోల్వాలో వాళ్ల నాన్నతో పాటే మరమగ్గాల మీద పని చేస్తాడు. "మగ్గం కాడ నిలబడేటోనికి గిన్ని సోకులేందిరా?" అని తిట్టేదాన్ని.

మేం ఆదిలాబాద్ గోండులం. మా పుట్టింట్లో మగవాళ్లకు తల నెరవదు. నాన్న నాగలి పట్టుకునే కూలిపోయాడు. అన్న కంచం ముందు కూర్చుని, మొదటి ముద్ద ఎత్తకుండానే ఒరిగాడు. ఆ ఇంటి వేల్పే పిలుచుకుంటోందని ఊళ్లో గుసగుసలు. నాకు మాత్రం ధీమాగానే ఉండేది. మాలో గోత్రాన్ని వేల్పులతోనే చెప్పుకుంటాం. పెళ్లయిన ఆడది మొగుడి వేల్పుల్లో కలిసిపోతుంది, పిల్లలూ ఆ వేల్పుల వాళ్లే. పుట్టింటి చావుకు నా కొడుకు ఇల్లు తెలియదనుకున్నాను.

పోయిన చలికాలం ఆదివాసుల రక్తం పరీక్షించడానికి జోల్వాకు డాక్టర్లు వచ్చారు. రక్తంలో కొవ్వును మోసే ప్రొటీన్ ఒక్కో తెగలో ఒక్కోలా ఉంటుందట, అది చూస్తారట. నేనూ రక్తం ఇచ్చాను. కొన్నాళ్లకు నన్ను మళ్లీ పిలిచారు. డాక్టరమ్మ గుజరాతీ మనిషి, మా అడవుల మొహం కూడా చూసి ఉండదు. ఏమీ అడక్కుండా వంగి, నా మడమ వెనక నరాన్ని రెండు వేళ్లతో పట్టుకుంది. అక్కడ గట్టిగా ముడిలా ఉంటుంది. నడిచి నడిచి అలా అయిందనుకునేదాన్ని.

"మీ ఇంట్లో మగవాళ్లు చిన్న వయసులోనే, ఉన్నట్టుండి పోయారా?" అని హిందీలో అడిగింది.

నాన్న, అన్న ఇన్నాళ్లూ నా కాలు పట్టుకునే ఉన్నారా అనిపించింది.

ఆ ప్రొటీన్ నాలో తేడాగా ఉందట. కొవ్వు రక్తంలోనే ఉండిపోయి గుండె దారులు మూసేస్తుందట, నరాల్లోనూ ఇలా పేరుకుంటుందట. మందులున్నాయి, ముందే తెలియాలి అంది.

"నా కొడుక్కు రాదు కదా? వాడు వాళ్ల నాన్న వేల్పుల వాడు."

"తల్లి నుంచి కూడా వస్తుందమ్మా," అంది.

ఇంటికి వచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కింది. మా వాడు రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్నాడు. పక్క మగ్గాల చప్పుడుకు గోడ అదురుతోంది. దుప్పట్లోంచి పాదాలు బయటికున్నాయి. చెయ్యి చాచి మళ్లీ వెనక్కి తీసుకున్నాను. మా అన్న ముళ్లలో కూడా వట్టికాళ్లతోనే తిరిగేవాడు. చెప్పులు మడమ కాడ ఒరుసుకుంటున్నాయనేవాడు. అది అప్పుడు గుర్తొచ్చింది.

పట్టుకున్నాను. ముడి తగిలింది.

వాడు కళ్లు తెరవకుండానే కాలు లాక్కున్నాడు. "ఏందే అమ్మా, జర పండనియ్యి. చెప్పు కరిసింది గంతే."

"లే బిడ్డా," అన్నాను. "ఇప్పుడే దవాఖానకు పోవాలె, లే."