చక్కెర లేని నైవేద్యం

మా కోడలికి మూడో నెల. పాల వాసన తగిలితే చాలు, వాంతి చేసుకుంటోంది. డాక్టరమ్మ మాత్రం పాలు తాగాల్సిందే అంది. మావాడు కోకో పొడి డబ్బా తెచ్చి, హాట్ చాక్లెట్ చేస్తే వాసన తెలియదన్నాడు.

ఈ ఉదయం మరిగే పాలలో పొడి వేస్తే ఉండలు కట్టింది. రెండోసారి రాగి జావకు చేసినట్టే, పొడిని ముందు చల్లటి పాలలో కలుపుకొని, మరిగే పాలలో పోసి కవ్వంతో చిలికాను. నున్నగా వచ్చింది. స్వామికి నైవేద్యం పెట్టి, గ్లాసు కోడలి చేతికిచ్చాను.

ఒక గుక్క తాగి నా వైపు చూసింది.

"అత్తా, చక్కెర ఏసినావా?"

"పొడిలోనే ఉంటాదనుకున్నాను. సామికి పెట్టకముందు రుచి చూడకూడదు కదమ్మా."

"అయితే పాపం, సామి గూడా చేదే తాగినాడు," అని నవ్వింది. ఆ నవ్వు విని నెల దాటింది.

రెండు చెంచాల చక్కెర కలిపిస్తే గ్లాసంతా తాగింది. సాయంత్రమైంది, ఇంతవరకూ వాంతి కాలేదు.

రేపు చక్కెర వేసి స్వామికి మళ్లీ పెడతాను. రుచి చూడకుండా మీరు ఆయనకు ఏమేం పెట్టారో చెప్పండి, నాకు కాస్త ధైర్యంగా ఉంటుంది.