పదిహేను రోజుల తడి

నా చిన్నప్పుడు గుండ్లపోచంపల్లిలో, ఇప్పుడు గోదాములు లేచిన చోట, మాకు నాలుగు మళ్ల వరి, ఒక మోటబావి ఉండేవి. ఒక ఎండాకాలం బావిలో ఊట ఆగిపోయింది. చేను అప్పుడే పాలు పోసుకుంటోంది. గట్టిపడేదాకా తడి అందకపోతే గింజంతా తాలే. ఏడాదంతా మా ఇంటి తిండి అదే.

మా అవ్వ బడి గడప తొక్కలేదు. తాడుకు రాయి కట్టి బావిలోకి వదిలి, తడిసినంత మేర మూరలతో కొలిచింది. తొమ్మిది మూరలు. రెండు రోజులకు మళ్లీ కొలిస్తే ఎనిమిది. చేనుకు ఇంకా పదిహేను రోజుల తడి కావాలి. నేను ఎగిరి గంతేశాను. రెండు రోజులకు మూర చొప్పున తగ్గితే, ఎనిమిది మూరలు పదహారు రోజులు వస్తాయి. చేను గట్టెక్కినట్టే!

"మోట బొక్కెన నీ నెత్తి మీద ముంచుతవారా?" అంది అవ్వ.

అడుగున రెండు మూరల నీళ్లుంటే గాని బొక్కెన మునగదు. కాబట్టి మాకు అందేవి ఆరు మూరలే, అంటే పన్నెండు రోజులు. ఒక మడిని వదిలేస్తే రోజూ తోడేది నాలుగో వంతు తగ్గుతుంది, అవే నీళ్లు పదహారు రోజులు సాగుతాయి. వేళ్ల మీద ఇది తేల్చి అవ్వ కొడవలి అందుకుంది. మా బాపు అడ్డం నిలబడ్డాడు.

"పాలు పోసుకున్న చేనే అవ్వా! కోసి ఎడ్లకేస్తవా? మొగులైతాంది, నాలుగొద్దులు సూద్దాం."

"సూడు కొడుకా. అప్పుడు ఒక్క మడితోని ఒడ్వది, రెండు కొయ్యాలె."

ఆగితే ఆ నాలుగు రోజులూ ఆ మడి కూడా నీళ్లు తాగుతుంది కదా. బాపు చాలాసేపు మబ్బు వైపు చూసి, పక్కకు జరిగాడు. ఆ మడిలో నాట్లు వేసింది అవ్వే. మొదటి పిడికిలి కూడా తనే కోసింది. గింజలు చితికి ఆమె వేళ్ల సందుల్లోంచి పాలు కారాయి.

వాన రాలేదు. పదిహేనో నాడు బొక్కెన అతికష్టం మీద మునిగింది. మూడు మళ్లు పండాయి.

చదువు రానివాళ్లకు లెక్కలేం తెలుసనే మాట వింటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. అక్షరాలు నేను పెద్దయ్యాక ఎవరి సాయం లేకుండా నేర్చుకున్నాను. పిల్లల పుస్తకాల్లోని నీళ్లతొట్టి లెక్కలన్నీ చేశాను. వాటిలో జవాబు రాగానే కింద గీత గీసి పేజీ తిప్పేస్తారు. మా అవ్వకు మాత్రం జవాబు వచ్చాకే అసలు పని మొదలైంది. మనసుకు నచ్చని జవాబు తేలితే ఆ పూటే కదలడం ఆమె నుంచి నాకు అబ్బింది. ఆగితే అది రేపు ఇంకా ఎక్కువ అడుగుతుంది.