రాతిలో మోగిన సా

యాభై దాటాక నాకు హార్మోనియం పిచ్చి పట్టింది. గోదావరిఖనిలో మా క్వార్టర్ల వెనక వీధిలో రిటైరైన టీచర్ ఒకాయన సాయంత్రాలు సంగీతం నేర్పుతారు. చిన్నపిల్లల మధ్య కూర్చుని సరళీ స్వరాలు వాయించే మీసాల పెద్దమనిషిని నేనొక్కణ్ణే. ఏడాదైనా వేళ్లు నా మాట వినలేదు. చెవి మాత్రం వేళ్లను దాటి ఎంతో ముందుకు వెళ్లిపోయింది.

"సాధన చేస్తే మారేది చెవి కాదు, మెదడు. అదే చప్పుడును వేరే తీరుగ పట్టుకుంటది" అన్నారు సారు.

ఆ మాట నా తలకెక్కింది. కుక్కర్ కూతకీ, పక్కింటి కూలర్‌కీ స్వరాలు చెప్పడం మొదలుపెట్టాను. షిఫ్టు సైరన్ కాస్త శ్రుతి తప్పిందని అన్నం ముందు కూర్చుని బాధపడితే మా ఆవిడ, "డ్యూటీకి పిలిచెతందుకు గంత చాలదా? జల్ది తిను" అంది.

నాది బొగ్గుబాయిలో సపోర్టు పని, గని కప్పు కూలకుండా ఊతాలు పెట్టడం. షిఫ్టు మొదలవగానే ఇనుప రాడ్డుతో పైకప్పును తట్టి వినాలి. గట్టి రాయి ఖంగుమంటుంది. పొర విడిపోతే బోలుగా మోగుతుంది, ఇక దాని కింద ఎవరూ నిలబడకూడదు. నా జోడీదారూ నేనూ ఒకరినొకరం బావా అని పిలుచుకుంటాం. ఇరవై ఏళ్లుగా నేను "మంచిగున్నది" అంటే చాలు, మారు మాట్లాడకుండా కప్పు కిందికి నడిచేవాడు.

మొన్న ఎండాకాలంలో ఒకరోజు అలాగే తట్టాను. అబ్బ! మంద్రస్థాయి సా. సారు హార్మోనియం కూడా అంత నిండుగా పలకదు. రూఢి చేసుకుందామని మళ్లీ తట్టాను. కళ్లు మూసుకుని, గొంతు కలిపి, ఇంకోసారి తట్టాను.

బావ నా నడుం బెల్టు పట్టుకుని వెనక్కి గుంజాడు. "పిస లేసిందా బావా? బోలుగ మోగుతాంది, ఇనవడ్తలేదా?"

వినపడింది. అందరికన్నా బాగా వినపడింది. స్వరం తెలిసింది, రాయి విడిపోయిన సంగతే తెలియలేదు. మేం చూస్తుండగానే మంచమంత పెళ్ల ఊడి, నేను రాగం తీసిన చోటే పడింది. బావ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. సిగ్గు ఆ తర్వాత వచ్చింది, క్యాంటీన్‌లో, నేను కళ్లు మూసుకున్న తీరు బావ అందరికీ చేసి చూపిస్తుంటే.

"ఇగ కచేరి పెట్టు అన్నా, టికెట్లు మేం అమ్ముతం" అన్నాడొకడు. అందరితో పాటు నేనూ నవ్వాను. సాయంత్రం హార్మోనియం మానేద్దామనుకుంటూనే సారు ఇంటికి వెళ్లి కూర్చున్నాను.

మర్నాడు బావ రాడ్డు నా చేతికే ఇచ్చాడు. ప్రాణం లేచొచ్చింది. స్వరాన్ని పక్కకు నెట్టి, శ్రద్ధగా తట్టి, "మంచిగున్నది" అన్నాను. ఆయన కదల్లేదు. మెల్లగా నా చేతిలోంచి రాడ్డు తీసుకుని అక్కడే మళ్లీ తట్టాడు. ఇన్నేళ్లలో ఎప్పుడూ అలా చేయలేదు.

ఇప్పుడు రోజూ అంతే. నాకు కోపం రావాలి కానీ రాదు. ఆయన తట్టి తల ఊపేదాకా నేనూ కప్పు కింద అడుగు పెట్టను.