యర్రమ్మ నేర్చుకున్న క్రియ

సునామీ వచ్చిన రెండో ఏడు మా దీవిలోని వండూర్‌లో పాస్టరు గారు సాయంత్రం పూట ప్రాచీన గ్రీకు పాఠాలు మొదలుపెట్టారు. సువార్తను మొదట రాసిన భాషలోనే అందరిచేతా చదివించాలని ఆయన సరదా. చాయ్ బిస్కెట్ల పుణ్యమా అని మొదటి వారం చర్చి నిండిపోయింది. క్రియారూపాలు వచ్చేసరికి ఇద్దరమే మిగిలాం. కిరాణా కొట్టు మొగుడికి అప్పజెప్పి వచ్చే నేను, చేపలమ్ముకునే యర్రమ్మ. మేమిద్దరం చర్చికి వెళ్ళేవాళ్ళమూ కాదు. నాకైతే చదువు పిచ్చి. తెలుగే కూడబలుక్కుని చదివే యర్రమ్మ ఎందుకొస్తోందో అంతుపట్టేది కాదు.

ఆమె మొగుడు అసిరయ్య సునామీ వచ్చిన ఆదివారం పొద్దున్నే పడవ లాగడానికి ఒడ్డుకు వెళ్ళాడు. శవం కూడా దొరకలేదు. బ్రూక్షాబాద్‌లో ఉండే యర్రమ్మ తమ్ముడు గవరయ్య వచ్చినప్పుడల్లా, "ఈ ఒడ్డుమీద ఒక్కద్దానివీ ఎందుకప్పా, మా ఇంటికొచ్చియ్" అని బతిమాలేవాడు. "ఎలాగొచ్చేది? ఆయన వత్తాడు" అనేది యర్రమ్మ. విన్నవాళ్ళం అయ్యో అనుకునేవాళ్ళం. నాకు జాలితోపాటు ఒళ్ళుమంట కూడా. పోయినవాడి కోసం ఇంకా ఎదురుచూపులేమిటి?

ఒక రోజు పాఠం 'వచ్చు' అనే క్రియ. "అతను వస్తాడు, చెప్పమ్మా" అన్నారు పాస్టరు గారు యర్రమ్మతో.

"ఎర్ఖెతాయ్."

"అది రోజూ వచ్చేవాడికి. ఇకముందు రాబోయేవాడికైతే ఎలెవ్సెతాయ్. మనకు రెంటికీ ఒకటే మాట, గ్రీకులో వేరు."

ఊరుకోలేక నేనన్నాను: "ఆమెకు రెండోదే కావాలండి. అసిరయ్య ఎప్పటికైనా వస్తాడనేగా కూర్చుంది!"

యర్రమ్మ నావైపు తిరిగింది. "కాదు దీదీ, మొదటిదే. రోజూ వత్తాడు. దీపాలెట్టే యేళకి తడిబట్టల్తో గుమ్మంలో కూకుంటాడు. నాకు బయ్యం. అందుకే ఈ యేళకి ఇక్కడికొత్తన్నాను."

నేను గుమ్మంవైపు చూశాను. బయట చీకటి పడుతోంది.

"రావొద్దు అని ఎలాగనాల, బాబూ?"

పాస్టరు గారు సుద్దముక్క అందుకున్నారు. "ఇంకా రానివాడితో ఒకలా అంటారు. వస్తూ ఉన్నవాణ్ణి ఇక మానమనడానికి ఇంకోలా."

"వత్తన్నోడికే."

"మే ఎర్ఖూ."

ఆమె పెదాలు కదుపుతూ వల్లెవేసింది. నేను ఆగలేక, "తెలుగులోనే అనరాదూ? అతనికి గ్రీకేం తెలుస్తుంది?" అన్నాను.

"తెలుగులో అంతే నొచ్చుకుంటాడు, దీదీ. నా నోరు రాదు. కానీ గుమ్మంలో మడిసిని ఒగ్గేసి తమ్ముడింటికి ఎలాగెల్తాను?"

నాకు ఏడుపొచ్చింది. ఆమెను తిట్టుకున్నందుకు కాదు, అంత భయంలోనూ అతని మనసు కష్టపెట్టకూడదనుకున్నందుకు.

మర్నాడు కొట్టుకొచ్చింది. చుట్టూ ఎవరూ లేకుండా చూసి అడిగాను, "అన్నావా?"

"అన్నాను."

"వెళ్ళిపోయాడా?"

యర్రమ్మ తల అడ్డంగా ఊపింది. "తలెత్తి నన్నే సూసి, 'ఏటన్నావే? మల్లీ అను' అన్నాడు."

"మళ్ళీ అన్నావా?"

"లేదు దీదీ. బువ్వ తినమన్నాను."

ఆ సాయంత్రం నుంచి ఆమె పాఠాలకు రాలేదు.